అరకులో టెంటు అద్దె, పాటల అద్దె

అరకులో టెంటులో పడుకోవాలని పిల్లలు అడిగితే కాదనకండి. కానీ ఫోనులో చెప్పిన ధరను నమ్ముకుని వెళ్లకండి. టెంటుకు 1,800 రూపాయలు, రాత్రి భోజనం, ఉదయం టిఫిను, చలిమంట అన్నీ అందులోనే అని మాకు చెప్పారు. రెండు టెంట్లకు 3,600. మర్నాడు బయలుదేరేటప్పుడు చేతిలో పెట్టిన చీటీ మాత్రం 5,500కు. కట్టెలకు 700, అదనపు దుప్పట్లు నాలుగింటికి 600, వేడినీళ్లు నాలుగు బకెట్లకు 200, చివర్లో ‘సౌండు’ అని రాసి 400. నేను లెక్కల టీచరుగా రిటైరైన దాన్ని. కూడిక సరిగ్గానే ఉంది, తక్కినదేదీ సరిగ్గా లేదు.

క్రిస్మస్ సెలవులకు మనవడు, మనవరాలు బెంగళూరు నుంచి కాకినాడ వచ్చారు. వాడికి పదకొండు, దానికి ఏడు. అమ్మానాన్నలు లేకుండా మాతోనే తిరగాలని వాళ్ల పట్టు. విశాఖలో కిరండూల్ రైలు ఎక్కాం. అద్దాల పెట్టెలో సీట్లు దొరికాయి కాబట్టి పిల్లలు కిటికీ కోసం కొట్టుకోలేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం కేకలు వేసింది. మనవడు సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, బొర్రా గుహల దగ్గర జామకాయలు కొనే గొడవలో లెక్క తప్పాడు. గుహల్లోకి దిగలేదు, అన్ని మెట్లు నా మోకాళ్ల వల్ల కాదు. వలిసె పూలు అప్పటికే చాలావరకు వాడిపోయాయి. పసుపు పచ్చని పొలాల ఫొటోలు కావాలంటే నవంబరులోనే వెళ్లాలి.

గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట బాగానే ఉన్నాయి. ఇక టెంటు సంగతి.

స్టేషను నుంచి ఆటోకు 350 ఇచ్చి చేరేసరికి చీకటి పడింది. టెంట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. పక్క టెంటులో దగ్గితే మన టెంటులో ఉలిక్కిపడాలి. లోపల పరుపు చెమ్మగా ఉంది. మరుగుదొడ్లు రెండు, పనిచేసేది ఒకటి. అది వాలు కింద, దీపం లేని దారిలో. మధ్యలో పెద్ద స్పీకర్లు పెట్టి కాలేజీ కుర్రాళ్ల బృందం కోసం పాటలు మొదలుపెట్టారు. పదకొండు దాటినా ఆపలేదు. వెళ్లి అడిగాను. మేనేజరు నవ్వుతూ, “అందరూ సరదా కోసమే వస్తారు కదా ఆంటీ” అన్నాడు. మనకు అక్కరలేని పాటలకు మన దగ్గరే డబ్బు వసూలు చేస్తారని అప్పుడు తెలియలేదు.

మా వారు గొడవ పడే మనిషి కాదు. స్వెట్టరు మీద శాలువా, దాని మీద నా శాలువా కూడా కప్పుకుని, “పోనీలే, ఒక్క రాత్రే కదా” అంటూ కూర్చున్నారు. నాకు ఆ మేనేజరు మీద కంటే ఈ ‘పోనీలే’ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

పిల్లలకు మాత్రం ఇవేవీ పట్టలేదు. చిన్నది మరుగుదొడ్డికి వెళ్లాలంటే టార్చి పట్టుకుని అందరం కదిలాం. ఆ వాలు దిగాక పాటల మోత కాస్త తగ్గింది, రంగు దీపాలు చెట్ల వెనక్కి పోయాయి. తలెత్తితే నక్షత్రాలు. కాకినాడలో మా మేడ మీద నుంచి అందులో పదోవంతు కూడా కనిపించవు. తాతగారు కృత్తికలు చూపించారు, మృగశిర చూపించారు. కృత్తికల్లో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయని అన్నాచెల్లెళ్లకు పేచీ. వాడు ఏడన్నాడు, అది తొమ్మిదంది. తర్వాత ఇద్దరికీ గంటకోసారి మరుగుదొడ్డి అవసరం పడింది.

భోజనం పేరుతో చల్లారిన నూడుల్సు, ఉడకని అన్నం పెట్టారు. అందుకని రోడ్డు పక్క దుకాణానికి నడిచి వెళ్లి బొంగు చికెన్ తిన్నాం. ఆ పూటకు అదే మమ్మల్ని కాపాడింది. మసాలా పట్టించిన మాంసాన్ని పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. బొంగు చీల్చి అడ్డాకులో పోస్తే వచ్చే ఆవిరికే కడుపు సగం నిండింది. అరకిలోకు 300 తీసుకున్నారు. కారం ఎక్కువని మనవరాలు ఏడుస్తూనే తిన్నది. ముందుగా చెబితే కారం తగ్గించి కూరతారు, పిల్లలున్నవాళ్లు చెప్పండి.

ఉదయం చీటీ మీద నేను వాదనకు దిగాను. రసీదు ఇమ్మంటే ఇవ్వరు, ఫోనులో మాట్లాడింది ఎవరంటే తెలియదంటారు. చివరికి ‘సౌండు’ 400 కొట్టివేయించి 5,100 ఇచ్చాను. మీరు వెళ్తే ఏమేమి కలిసి ఉన్నాయో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. మరుగుదొడ్డి ఫొటో కూడా అడగండి. టెంటు ఫొటోలు అందరూ పంపుతారు.

బస్సులో విశాఖ దిగి, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర 1,600కు గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్లకు డబ్బు అడగలేదు. సాయంత్రం ఆర్కే బీచిలో కుర్సురా జలాంతర్గామి చూడటానికి వెళ్లాం. సోమవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధ కాలంలో పనిచేసి, 2001లో విరమించిన జలాంతర్గామి ఇది. మరుసటి ఏడాదే దాన్ని ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్ల పైనే, కానీ లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సిందే. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారంలోంచి వంగి, కాలెత్తి దాటాలి. నేను వెనక్కి తగ్గబోయాను. లోపల చూపించేది నౌకాదళంలో పనిచేసి రిటైరైన వాళ్లే. మాకు తగిలిన పెద్దాయన “నెమ్మదిగా రండమ్మా, ముందు కాలు, తర్వాత తల” అని చేయి అందించి ప్రతి ద్వారం దాటించారు. వెనక జనం విసుక్కుంటే, “ఆగండి, పెద్దవాళ్లు వస్తున్నారు” అని గద్దించారు. టెంట్ల దగ్గర అరిగిపోయిన నా ఓపిక ఇక్కడ తిరిగి వచ్చింది.

టార్పెడోల పక్కనే పడకలు చూసి మనవడికి నోట మాట రాలేదు. మనవరాలు, “అంకుల్, స్నానం ఎక్కడ చేసేవారు?” అని అడిగింది. “మంచినీళ్లు తాగడానికీ వంటకే తల్లీ, స్నానం ఒడ్డుకొచ్చాకే” అన్నారాయన. అది ఆలోచించి, “మరి అందరూ కంపు కొట్టరా?” అంది. “కొట్టేవాళ్లం. అందరం ఒకటే కంపు కాబట్టి తెలిసేది కాదు.” ఆయన నవ్వు ఆ ఇనుప గోడల మధ్య మారుమోగింది. బయటికి వచ్చేటప్పుడు మా వారు వంద నోటు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఎదురుగా ఉన్న విమానాల మ్యూజియానికి టైము చాలలేదు. ముంత మసాలా నాలుగు పొట్లాలు 160. బీచిలో నీళ్లలోకి దిగనివ్వకండి, అక్కడి అలలు లాగేస్తాయి. కైలాసగిరి బొమ్మ రైలు కూడా ఎక్కించలేకపోయాం. బెంగళూరు వెళ్లాక చిన్నది ఫోను చేసినప్పుడల్లా ఆ రైలు ఊసే. వాడు మాత్రం, ఈసారి కూడా అదే టెంట్ల దగ్గరికే వెళ్దాం అమ్మమ్మా అంటున్నాడు.