గొర్రెలు కొనేవాళ్లకు జాగ్రత్త: "నట్టల మందు వేశాం" అంటే ఏ మందో అడగండి

12 గొర్రెలు కొని, మూడు వారాల్లో రెండింటిని పోగొట్టుకున్నాను. "నట్టల (కడుపులో పురుగుల) మందు వేశాం, పరీక్ష కూడా చేయించాం" అని అమ్మినాయన చేతిలో కాగితం పెట్టాడు. పెంటికల్లో నట్టల గుడ్లు లేవని అందులో ఉంది. ఇంకేం కావాలనుకుని నేరుగా మందలో కలిపేశాను.

పది రోజులకు ఒకటి మేత తగ్గించింది. తర్వాత దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడింది. కనురెప్ప తిప్పి చూస్తే లోపలంతా తెల్లగా పాలిపోయి ఉంది. కొన్నరోజే ఆ రెప్ప తిప్పి చూసుంటే అప్పుడే అనుమానం వచ్చేదేమో. చచ్చిపోయాక డాక్టరు గారు కోసి చూపించారు. కార్జం గట్టిపడింది, పిత్త నాళాల్లోంచి ఆకుల్లాంటి కార్జపు జలగలు (లివర్ ఫ్లూక్ అనే పురుగులు, చెరువు జలగలు కాదు) బయటికొచ్చాయి. అవి అంత ఎదగాలంటే నెలలు పడుతుందట. అంటే నా దగ్గరికి రాకముందు నుంచే ఉన్నాయి.

మరి వేసిన మందు? ఫోన్‌లో గట్టిగా అడిగితే ఐవర్‌మెక్టిన్ సూది అన్నాడు. అది గుండ్రటి నట్టలకు, పేలకు పనిచేస్తుంది, జలగలను ఏమీ చేయదు. ఆల్బెండజోల్ అయినా ఎదిగిన జలగలనే, అదీ మోతాదు పెంచితేనే చంపుతుంది. పిల్ల జలగల మీద కూడా పనిచేసేది ట్రైక్లాబెండజోల్ (దానికీ లొంగని జలగలు కొన్నిచోట్ల ఉన్నాయి, అదో తలనొప్పి).

కాగితం మాత్రం అబద్ధం కాదు! ఉప్పునీటిలో గుడ్లను తేల్చి చూసే పరీక్ష అది. జలగ గుడ్లు బరువు, తేలవు. అడుగున చేరిన మడ్డిని చూసే పరీక్ష చేయిస్తే మిగిలిన పదింటిలో ఏడింటికి గుడ్లు కనిపించాయి.

డబ్బు అడిగితే "మా దగ్గర బాగానే ఉన్నాయి కదా" అంటున్నాడు. కాబట్టి మందు పేరు, వేసిన తేదీ, పరీక్ష ఏ పద్ధతిలో చేశారో ముందే రాయించుకోండి. ఆవులు, గేదెలు కొనేవాళ్లూ అంతే. వాటిలో చావులు తక్కువ, పాలు తగ్గి చిక్కిపోతుంటే మేత చాలట్లేదేమో అనుకుంటాం.

నా తప్పూ ఉంది. కొత్తవాటిని విడిగా కట్టకుండా నీటిగుంటకు తోలాను. పెంటికలతో పడిన గుడ్లు నీటిలో పొదిగి, వాటి పిల్లలు నత్తల్లో దూరతాయి, అక్కడ వందలుగా పెరిగి వచ్చి గట్టు మీది గడ్డికి అంటుకుంటాయి, ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులోకి చేరతాయి. గుంట చుట్టూ ఇప్పుడు కంచె వేశాను. పాత మందకు అంటిందో లేదో ఈరోజు పరీక్ష చేయించినా తెలియదట, అంటాక గుడ్లు కనిపించడానికి కొన్ని నెలలు పడుతుందన్నారు డాక్టరు గారు. అందాకా టెన్షనే.