మైక్రో ఆంపియర్లు కొలవడానికి ఏది మేలు: ఐఎన్ఏ219, ఏడీఎస్1115, ఆప్‌ఆంప్?

ప్రత్తిపాడు దగ్గర మా బాబాయి మిర్చి చేలో నేల తేమ చూడటానికి సెన్సర్, రేడియో ఉన్న చిన్న బోర్డుతో ఒక డబ్బా పెట్టాను. 2000 ఎంఏహెచ్ బ్యాటరీ 17 రోజులు తిరక్కుండానే పడుకుంది. లెక్కేస్తే 400 గంటలు, అంటే సగటున 5 మిల్లీ ఆంపియర్లు. బోర్డు మీది ఎర్ర ఎల్‌ఈడీ మీద అనుమానపడి పీకేశాను. ఇక నిద్రలో, అంటే రీడింగులకి మధ్య బోర్డు పని ఆపి ఉన్నప్పుడు, ఎంత కరెంట్ తాగుతోందో తేల్చాలి, ఉండాల్సింది 10, 20 మైక్రో ఆంపియర్లే.

బెజవాడ గవర్నర్‌పేటలో ఒక షాపులో కరెంట్ సెన్సర్ అడిగితే ఏసీఎస్712 చేతిలో పెట్టారు. అది మోటార్లకి పనికొచ్చేది. 5 ఆంపియర్ల రకం ఆంపియర్‌కి 185 మిల్లీవోల్టులు ఇస్తుంది, మన 10 మైక్రోకి ఏమొస్తుందో మీరే లెక్కేసుకోండి. ఆర్డుయినో ఊనో బోర్డు అనలాగ్ పిన్ కూడా అంతే, 5 వోల్టుల మీద ఒక్కో మెట్టు, అంటే అది పసిగట్టే కనీస తేడా, దాదాపు 4.9 మిల్లీవోల్టులు.

రెసిస్టర్ మీద పడే వోల్టేజీని బట్టి కరెంట్ చెప్పే చిప్ ఐఎన్ఏ219, అందరూ చెప్పేదే, తీగలు కలిపితే చాలు, లైబ్రరీ రెడీగా ఉంటుంది. కానీ మాడ్యూల్ మీద ఉండేది 0.1 ఓమ్ రెసిస్టర్, చిప్ చూడగలిగే మెట్టు 10 మైక్రోవోల్టులు, అంటే 100 మైక్రో ఆంపియర్ల కంటే తక్కువ దానికి కనపడదు. రెసిస్టర్ మార్చి 10 ఓమ్‌లు వేస్తే సరిపోతుందని నేనూ అనుకున్నాను, తీరా డేటాషీట్ చూస్తే ఆ చిప్ ఇన్‌పుట్ పిన్నులే ఒక్కోటి దాదాపు 20 మైక్రో లాగుతాయట! తూకం వేసేవాడే తక్కెడలో చెయ్యి పెట్టినట్టు. మిల్లీ ఆంపియర్లకైతే మాత్రం కళ్లు మూసుకుని అదే కొనండి.

నా ఓటు ఏడీఎస్1115కి, అంటే వోల్టేజీని సన్నటి మెట్లలో అంకెగా మార్చే చిప్‌కి. 0.256 వోల్టుల రేంజ్‌లో ఒక మెట్టు 7.8 మైక్రోవోల్టులు. బ్యాటరీ మైనస్ తీగలో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి దాని రెండు కొసల మధ్య డిఫరెన్షియల్‌గా చదివితే 10 మైక్రోకి 1 మిల్లీవోల్ట్, అంటే 128 మెట్లు. చిక్కల్లా బోర్డు నిద్ర లేచినప్పుడే: రేడియో 100 మిల్లీ లాగబోతే ఆ రెసిస్టర్ మీదే 10 వోల్టులు పడాలి, బోర్డు లేవనే లేవదు. అందుకని రెసిస్టర్ రెండు కొసల్నీ కలుపుతూ మామూలు టోగుల్ స్విచ్ పెట్టాను, కరెంట్ స్విచ్ దారిన పోయేలా ఆన్‌లో ఉంచి బోర్డుని లేపి, నిద్రపోయాక ఆఫ్ చేసి చదవడమే. కొలిచేటప్పుడు ఆ బోర్డుకి యూఎస్‌బీ తగిలించకండి, కరెంట్ ల్యాప్‌టాప్ గ్రౌండ్ దారిన జారుకుంటుంది.

ఆప్‌ఆంప్, అంటే చిన్న సిగ్నల్‌ని పెంచే చిప్, నానో ఆంపియర్ల పనికి, వెలుతురు పడితే కరెంట్ ఇచ్చే ఫోటోడయోడ్ లాంటి వాటికి. ఎల్ఎంసీ6482 లాంటి చిప్‌కి 1 మెగ్ ఓమ్ ఫీడ్‌బ్యాక్ వేస్తే 10 నానోకి 10 మిల్లీవోల్టులు వస్తాయి. కాకపోతే బెజవాడ ఉక్కపోతలో బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ (టంకం వేసేటప్పుడు వాడే జిగురు), వేలి చెమట కూడా కరెంట్ మోస్తాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగందే అంకె ఒకచోట నిలవదు. బ్యాటరీ డబ్బాకి ఇంత తంటా అనవసరం.

ఇంతకీ ఏడీఎస్ పెట్టి చూస్తే రీడింగ్ 32767 దగ్గర, అంటే అది చూపగలిగే అతిపెద్ద అంకె దగ్గర, అతుక్కుపోయింది, అంటే రేంజ్ దాటేసింది. తేమ సెన్సర్‌కి నిద్రలో కూడా నేను కరెంట్ ఇస్తూనే ఉన్నాను మరి, ఎల్‌ఈడీ పాపం అనవసరంగా పోయింది. సెన్సర్ ప్లస్ తీగని బోర్డు పిన్‌కి మార్చి, చదివే ముందు మాత్రమే ఆన్ అయ్యేలా కోడ్ రాశాక 154 దగ్గర నిలబడింది. 12 మైక్రో.