బెజవాడ నుంచి ఒక్కరోజు సముద్రానికి: బందరు వైపా, బాపట్ల–చీరాల వైపా?

డ్రైవరుతో సహా కారు మాట్లాడుకుని, పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరాలనుకునే విజయవాడ కుటుంబానికి సముద్రం రెండు వైపులా ఉంది. ఒకటి ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు, అంటే మచిలీపట్నం. రెండోది గుంటూరు, పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి చీరాల. దూరం చూస్తే పెద్ద తేడా లేదు. బందరుకు 70 కిలోమీటర్లు, బాపట్లకు 85 అటూ ఇటూ. అందుకే ఎక్కువమంది ఎవరో ఫోనులో చూపించిన ఫొటో చూసి బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్ అనేస్తారు. నా లెక్క వేరు. ఒడ్డున కూర్చుని కాళ్లు తడుపుకోవడమే కావాలంటే సూర్యలంకే, కానీ దానికి కారు అక్కర్లేదు. కారుకు డబ్బులు పెడుతున్నారంటే మాత్రం బందరు వైపే వెళ్లండి.

ముందు సముద్రం సంగతి. బందరు దగ్గరి మంగినపూడి తీరం పట్టణానికి 11 కిలోమీటర్లు. నేల నల్లటి బంకమట్టి కలిసిన ఇసుక, నీళ్లు చాలా దూరం వరకు లోతు ఉండవు. చిన్నపిల్లలున్నవాళ్లకు అదే పెద్ద ఊరట, కానీ నీలంగా మెరిసే సముద్రం ఊహించుకుని వెళ్తే మొహం వేలాడేస్తారు. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక దీనికి పూర్తిగా భిన్నం. వెడల్పాటి ఇసుక, మంచి కెరటాలు, ఒడ్డున టూరిజం వాళ్ల కాటేజీలు. చీరాల దగ్గరి వాడరేవు, రామాపురం కూడా ఈ బాపతే. అందంలో బందరు ఓడిపోతుంది, అందులో వాదన లేదు. అయితే ఈ తీరాల్లో లోపలికి లాగే కెరటాలు ప్రాణాలు తీసిన సందర్భాలు ఒకటీ రెండూ కాదు. పోలీసులు స్నానాలు ఆపేసే రోజులూ ఉంటాయి. ఈతొచ్చిన కుర్రాళ్లూ మునుగుతారు.

రెండు వైపులకూ వర్తించే మాట ఒకటుంది. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, దిగేది మన వీపు వెనక. మధ్యాహ్నం పన్నెండింటికి ఇసుకలో దిగారంటే అరికాళ్లు బొబ్బలెక్కడం తప్ప ఏమీ మిగలదు. ఉదయం ఎనిమిదిలోపో, సాయంత్రం నాలుగు దాటాకో ఒడ్డున ఉండాలి. మధ్యలో మిగిలే ఏడెనిమిది గంటలు ఎక్కడ గడుపుతారన్నదే ఏ వైపు వెళ్లాలో తేల్చేస్తుంది. గుళ్లు కూడా మధ్యాహ్నం నాలుగింటిదాకా మూసే ఉంటాయని గుర్తుపెట్టుకోండి.

ఆ గంటలు గడపడానికి బందరు వైపు ఉన్న సరుకు ఇంకెక్కడా లేదు. పెడన చాలు. బందరుకు పది కిలోమీటర్లు కూడా ఉండదు. కలంకారీ అద్దకం ఇప్పటికీ అక్కడ చేత్తోనే నడుస్తోంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో నలుపు, పటిక అద్ది వేర్ల రంగులో ఉడికిస్తే ఎరుపు, దానిమ్మ తొక్కతో పసుపు. టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ కొడతారు. పక్క అచ్చు పడిన చోట అతుకు కనిపించదు. పిల్లలు గంటసేపు కదలకుండా చూస్తారు. ముందుగా ఫోన్ చేసుకుని వెళ్తే మంచిది, వాన పడే రోజుల్లో గుడ్డ ఆరదు కాబట్టి పని ఆగిపోతుంది. షాపులో ముద్ర పడిన బట్టలన్నీ చేతి అద్దకమే అనుకోకండి. స్క్రీన్ ప్రింటుదీ అక్కడే అమ్ముతారు, వెనక్కి తిప్పి చూస్తే రంగు ఎంతవరకు ఇంకిందో తెలిసిపోతుంది.

ఇక బందరు ఊరు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టారు. ఈ బట్టల కోసమే. ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న కోటను ఇంగ్లీషువాళ్లు 1759లో పట్టుకున్నారు. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన ముప్పై వేలమందిని మింగేసింది, ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు. ఇప్పుడు కొత్త పోర్టు కడుతున్నారు, మంగినపూడి వైపు వెళ్తుంటే లారీల వరస చూస్తేనే తెలుస్తుంది. బందరుకోటలో మిగిలినవి మొండిగోడలే. చరిత్ర మీద మమకారం ఉన్నవాళ్లకు అరగంట, లేనివాళ్లకు ఐదు నిమిషాలు. చిలకలపూడి పాండురంగడి గుడి, అక్కడి రోల్డుగోల్డు నగల కొట్లు ఆడవాళ్ల కోసం అని అందరూ అంటారు గానీ, బేరమాడే మగవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. లడ్డూ సంగతి చెప్పకపోతే బందరువాళ్లు ఊరుకోరు. శనగపిండితో పూస వండి, దాన్ని దంచి, బెల్లం పాకంలో మళ్లీ దంచి చేసేదే తొక్కుడు లడ్డూ. తిరుగు ప్రయాణంలో కాదు, ఊళ్లోకి రాగానే కొనుక్కోండి. సాయంత్రం మీరు బందరులో ఉండరు, దివిసీమలో ఉంటారు.

చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ, అక్కడి నుంచి కోడూరు దాటి హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. వేణుగోపాలస్వామి గుడి ఊళ్లోనే ఉంటుంది, పాలకాయతిప్ప తీరం ఇంకాస్త ముందుకు. అసలు సంగమం ఆ తీరం నుంచి కూడా ఇసుకలో ఇంకా దూరం. పొద్దు వాలకముందే వెనక్కి తిరగాలి కాబట్టి మూడున్నరకల్లా అక్కడుండేలా చూసుకోండి. 1977 నవంబరు 19న ఉప్పెన తుడిచిపెట్టేసిన నేల ఇది. పదివేల మందికి పైగా పోయారు. ఇక్కడ పెద్దవాళ్లు ఏ సంగతి చెప్పినా ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే చెబుతారు. డ్రైవరు దివిసీమవాడైతే ఆ దారిలో మీకు ఏ గైడూ అక్కర్లేదు.

ఇంత చెప్పి బాపట్ల వైపును తక్కువ చేస్తున్నానని కాదు. పొన్నూరులో సాక్షి భావన్నారాయణుడు, బాపట్లలో క్షీర భావన్నారాయణుడు ఉన్నారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం మాట గట్టిగా వినిపించిన తొలి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్లలోనే. చీరాలలో కుప్పడం పట్టు చీరలు, జాండ్రపేట మగ్గాలు ఉన్నాయి. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని చీరాల–పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరు ఖాళీ చేసి, రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడిపారు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, గాంధీగారి చేతికర్ర కూడా అక్కడ దాచారు. ఇంకాస్త ముందుకెళ్తే మోటుపల్లి. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును ఇకమీదట లాక్కోం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని కాకతి గణపతిదేవుడు విదేశీ వర్తకులకు మాటిచ్చి 1244లో వేయించిన శాసనం అక్కడిదే. నాకు ఆ ఊరంటే ప్రాణం. కానీ నలుగురు కుటుంబ సభ్యులను తీసుకెళ్లి అక్కడి పాత గుడి ముందు నిలబెడితే, ‘ఇందుకా ఇంతదూరం?’ అని అడుగుతారు. గ్రంథాలయమూ అంతే, చదివేవాళ్లకు పండగ, మిగతావాళ్లకు గడియారం.

పైగా బాపట్ల, చీరాల రెండూ మద్రాసు లైను మీద ఉన్నాయి. ఉదయం ఆరు దాటాక విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంట, గంటంపావులో బాపట్ల. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకుంటే సూర్యలంక. చీరాల దాకా మరో బండి, సాయంత్రం మళ్లీ రైలు. చూడాల్సినవి స్టేషన్లకు ఐదు పది కిలోమీటర్లలోనే ఉన్నాయి. కాజ టోల్‌గేటు, గుంటూరు ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. బందరుకూ రైలుంది గానీ, బందరు–పెడన–మంగినపూడి–హంసలదీవి నాలుగు దిక్కుల్లో ఉన్నవి. బస్సులు, ఆటోలు మారుకుంటూ ఒక్కరోజులో అయ్యే పని కాదు.

కారు లెక్క చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. చాలా ట్రావెల్స్‌వాళ్లు ఊరి బయటి ట్రిప్పుకు రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్ల డబ్బు తీసుకుంటారు, తిరిగినా తిరగకపోయినా. దానిపైన డ్రైవరు బత్తా, టోల్, పార్కింగ్. మంగినపూడి ఒక్కటే చూసి వెనక్కొస్తే 165 కిలోమీటర్లు కూడా కాదు, అంటే తిరగని దూరానికి డబ్బు కట్టినట్టు. అదే మంగినపూడి, పెడన, అవనిగడ్డ, హంసలదీవి చూసి, చల్లపల్లి–కూచిపూడి–పామర్రు మీదుగా ఇంటికొస్తే 270 దాకా వస్తుంది. 300 కనీసం ఉన్న బండికి పైసా అదనం పడదు. తిరుగు దారికి కృష్ణ కరకట్ట రోడ్డు దగ్గర దారి అని డ్రైవరు అంటాడు. పగలైతే సరే, చీకట్లో ఆ ఇరుకు రోడ్డు వద్దని చెప్పండి. కిలోమీటర్లు మీ ఇంటి దగ్గర నుంచి లెక్కా, బండి ఉండే చోటు నుంచి లెక్కా అన్నది ముందే అడగాలి. గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. రేటు తక్కువని వైట్ బోర్డు బండి మాట్లాడుకోవద్దు. సొంత వాడకానికి రిజిస్టరైన కారును కిరాయికి తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ మొండిచేయి చూపించవచ్చు.

సొంత కారుంటే యాక్టింగ్ డ్రైవరును, అంటే ఆ ఒక్కరోజుకు మీ బండి నడపడానికి వచ్చే డ్రైవరును, పెట్టుకోవడం చవక. రోజు కూలి, భోజనం, పెట్రోలు మీది, కనీస కిలోమీటర్ల బాధ లేదు. ఇబ్బందల్లా అతనికి మీ బండి కొత్త కావడం, మీకు అతను కొత్త కావడం. లైసెన్సు చూడండి, మొహమాటపడకండి. అంతకన్నా ముఖ్యంగా అడగాల్సింది ‘అన్నా, రాత్రి ఎక్కడికన్నా డ్యూటీకి వెళ్లావా?’ అని. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రంతా తిరుపతి రోడ్డు మీదుండి, పొద్దున ఐదింటికి మీ గుమ్మంలో నిలబడే మనుషులుంటారు. వెళ్లానని చెబితే ఇంకొకరిని చూసుకోండి. బందరు చుట్టు తిరిగి రావాలంటే ఐదింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదికి చేరతారు. పదిహేను గంటల రోజు అది. అందుకే మధ్యాహ్నం భోజనం మీతో పాటే పెట్టించి, గంటసేపు బండిలో పడుకోనివ్వాలి. ఎండకు మీరెలాగూ ఎక్కడికీ వెళ్లలేరు.

మూడో దారి చెప్పేవాళ్లూ ఉంటారు. 216 జాతీయ రహదారి బందరు నుంచి మోపిదేవి, పెనుమూడి వంతెన, రేపల్లె మీదుగా బాపట్ల, చీరాల వెళ్తుంది కదా, రెండూ ఒక్కరోజులో కొట్టేద్దాం అని. మ్యాపులో బ్రహ్మాండంగా కనిపిస్తుంది. బీచ్‌లకు వెళ్లొచ్చే దూరాలు కలుపుకుంటే 330 దాటుతుంది, కనీసం దాటాక ప్రతి కిలోమీటరుకూ డబ్బే, రోజులో సగం పైగా కారు సీట్లోనే. రెండు రోజులు పెట్టుకుని రాత్రికి సూర్యలంకలో ఉండగలిగితే మాత్రం ఇంతకన్నా మంచి ట్రిప్పు ఈ చుట్టుపక్కల లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే నా బందరు ప్లానులోనూ ఒకటి తగ్గించాలి. ముందు మంగినపూడి తీసేయండి, పెడన వదలొద్దు. కుర్రాళ్ల గుంపైతే నా మాట ఎలాగూ వినరు, రైలెక్కి సూర్యలంక వెళ్లండి. కార్తీకమాసంలో రెండుచోట్లా జనం నేల ఈనినట్టుంటారు, ఆదివారాలు, పౌర్ణమి తప్పించండి. అక్టోబరు, నవంబరుల్లో బండికి అడ్వాన్సు ఇచ్చేముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. తుపాను వల్ల ట్రిప్పు ఆగిపోతే అడ్వాన్సు వెనక్కిస్తారా లేదా అన్నది కూడా బండి మాట్లాడే ఫోనులోనే తేల్చుకోండి.