పిల్లల పాయింట్ షూ: పేస్టుదా, ప్లాస్టిక్‌దా? ఏది మేలు?

మా అమ్మాయికి 12 ఏళ్లు నిండాక, ఒంటికాలి మీద ఎన్నిసార్లు మడమ లేపగలదో లెక్కపెట్టి మరీ, బ్యాలే టీచరు పాయింట్ షూ, అంటే కాలివేళ్ల కొసల మీద నిలబడి ఆడేందుకు వేసుకునే షూ, కొనమన్నారు. వయసు ఒక్కటే చాలదట, చీలమండలో, నడుములో బలం రావాలి. డాలస్‌లో బ్యాలేకి వెళ్లే తెలుగు పిల్లలు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఏ షూ కొనాలో తెలుగులో చెప్పేవాళ్లు మాత్రం నాకు కనపడలేదు.

నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. ఉత్త కాళ్లతో గచ్చు మీద తట్టడం కాబట్టి మాకు నొప్పులన్నీ మడమల్లో, మోకాళ్లలో. బ్యాలేలో ఒళ్లంతా కాలివేళ్ల కొసల మీద నిలబడాలి. ఆ బరువును వేళ్లతో పాటు షూ ఎలా మోస్తుందన్నదే అసలు సంగతి.

పాతరకం షూలో వేళ్లుండే భాగాన్ని బాక్స్ అంటారు. గుడ్డ, కాగితం పొరలుగా వేసి జిగురు (పేస్టు) పెట్టి గట్టిపరుస్తారు, అందుకే ఇది పేస్టు షూ. అరికాలి కింద షాంక్ అనే బిరుసు పట్టీ. లండన్‌లో 1929లో మొదలైన ఫ్రీడ్ కంపెనీ ఈ షూలను ఇప్పటికీ చేత్తోనే చేయిస్తుంది, అడుగున చేసినవాళ్ల గుర్తు కూడా ఉంటుంది. కొన్నరోజు చెక్కలా ఉంటే వంచి, నలిపి కాలికి తగ్గట్టు చేసుకోవాలి. చెమట తగిలేకొద్దీ జిగురు మెత్తబడుతుంది. పూర్తిగా మెత్తబడితే కాలు లోపలికి దిగిపోతుంది, డాన్సర్ల భాషలో అప్పుడది ‘డెడ్’. పెద్ద బృందాల్లో ముఖ్య పాత్ర వేసేవాళ్లకి ఒక్క ప్రదర్శనకే జత అయిపోవడం మామూలు.

కొత్తరకంలో బాక్స్, షాంక్ రెండూ ప్లాస్టిక్ జాతివి. న్యూయార్క్‌లో 1993లో మొదలైన గేనర్ మిండెన్ ఇందులో పేరున్నది. చెమటకి మెత్తబడదు, లోపలి నురుగు పొర దూకినప్పుడు అదురు తగ్గిస్తుంది, స్టేజీ మీద చప్పుడూ తక్కువ. అమెరికన్ బ్యాలే థియేటర్ బృందంలో ముఖ్య నర్తకి గిలియన్ మర్ఫీ వీటితోనే ఆడారు. రోజంతా రిహార్సల్స్ ఉండే పెద్దవాళ్లకైతే నేనూ ఇదే మేలంటాను.

మొదలుపెట్టే పిల్లలకి మాత్రం పేస్టుదే మేలు. పాదం తన కండతో పైకి లేవడం నేర్చుకునే రోజుల్లో షాంక్ మరీ బలంగా ఉంటే పని అదే చేసేస్తుందని చాలామంది టీచర్ల అభ్యంతరం. నాకు తెలిసొచ్చింది ఇంకోటి. ఎక్కువ కాలం వస్తుందని మొదట ప్లాస్టిక్‌దే కొన్నాను. ఎనిమిది నెలల తర్వాత కూడా కొత్తదానిలాగే ఉంది. ఈలోగా కాలు పెరిగింది, నేను కొలవలేదు. బొటనవేలి గోరు నల్లబడ్డాక గానీ చూసుకోలేదు. షూది తప్పు కాదు. పేస్టుదైతే రెండు మూడు నెలలకే డెడ్ అవుతుంది, మళ్లీ షాపుకి వెళ్తాం, వాళ్లు మళ్లీ కాలు కొలుస్తారు. జత 100 డాలర్లు దాటుతుంది కాబట్టి భారమే. అయినా ఎదిగే కాలికి ఆ కొలత అవసరం.

ఇక లోపల ఏం పెట్టాలి? మందపాటి జెల్ ప్యాడ్ చూస్తే ప్రాణం లేచొస్తుంది, పిల్లలూ అదే అడుగుతారు. కానీ అది చోటు తినేసి వేళ్లని ఇరికిస్తుంది, చెమట పట్టి ఉంచుతుంది. ఆ తడికి, ఒరిపిడికి వేళ్ల సందుల్లో మెత్తటి ఆనెకాయలు లేస్తాయి. పైగా కాలికి నేల తెలియదు. గొర్రె ఉన్ని పాతకాలపుదే అయినా నాకు నచ్చింది. కావలసిన చోట కావలసినంత పెట్టుకోవచ్చు, గాలి ఆడుతుంది. నలిగి ముద్దవుతుంది కాబట్టి తరచూ మార్చాలి. ఎప్పుడూ ఒరుసుకునే వేలుంటే దానికి ముందే టేపు చుడతాం. బొటనవేలి మొదట్లో ఎముక బయటికి పొడుచుకొచ్చే లక్షణం ఇంట్లో ఉంటే, వేళ్ల మధ్య చిన్న స్పేసర్ ఒరిపిడి తగ్గిస్తుంది. ఎముకని మాత్రం సరిచేయదు.

గోళ్లు నేరుగా కత్తిరించాలి, మూలలు లోతుగా తీయకూడదు. గట్టిపడ్డ చర్మాన్ని పూర్తిగా గీకేయొద్దు, అదే కాలికి కవచం. బొబ్బ పైతోలు పీకొద్దు. క్లాసుకి ముందు వేడినీళ్లలో నానబెడితే చర్మం మెత్తబడి ఇంకా లేస్తుంది.

రెండు నొప్పులకి మాత్రం ఏ షూ, ఏ ప్యాడూ పనికిరావు. పాదం మధ్యలో ఒక్కచోట నొక్కితే ప్రాణం పోతున్నట్టుంటే రెండోవేలి వెనక ఎముకలో సన్నని పగులు ఉండొచ్చు. మునివేళ్ల మీద లేచినప్పుడు చీలమండ వెనక పొడిస్తే అక్కడ అదనపు ఎముక నలుగుతుండొచ్చు. అలవాటైతే పోతుందని ఊరుకోకుండా డాన్స్ ఆపించి డాక్టర్‌కి చూపించండి.

ఇప్పుడు మా ఇంట్లో రెండు జతల పేస్టు షూలు. ఒకటి వాడితే రెండోది బ్యాగులో కాకుండా బయట గాలికి ఆరుతుంది. మొన్న ఆదివారం కొలిస్తే కాలు మళ్లీ అర సైజు పెరిగింది.