పీఐబీ తెలుగు ప్రకటనలు: సివిల్స్, గ్రూప్స్ అభ్యర్థులకు ఎంతవరకు ఉపయోగం?

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే ఏ దుకాణానికి వెళ్లినా ఒకే నెలకు సంబంధించిన కరెంట్ అఫైర్స్ సంచికలు అనేకం వరుసగా పేర్చి ఉంటాయి. వాటిలో కేంద్ర పథకాలకు, మంత్రివర్గ నిర్ణయాలకు కేటాయించిన పేజీలలో చాలావరకు ఒకే చోటి నుంచి వస్తాయి. అది పత్రికా సమాచార కార్యాలయం, అంటే అభ్యర్థులందరూ పీఐబీ అని పిలిచే సంస్థ, తన వెబ్‌సైట్‌లో ప్రతిరోజూ ఉంచే ప్రకటనల విభాగం. 1919లో బ్రిటిష్ పాలనలో మొదలైన ఈ కార్యాలయం పని విలేకరులకు సమాచారం అందించడమే తప్ప పరీక్షలు రాసేవారికి పాఠాలు చెప్పడం కాదు. అయినప్పటికీ ఉచితంగా, తెలుగులో కూడా అందుతున్న ఈ సేవ సివిల్స్, గ్రూప్-1, గ్రూప్-2 అభ్యర్థులకు ఏ మేరకు పనికివస్తుందో పరిశీలించవలసిన అవసరం ఉంది.

దీని బలం ఎక్కడుందో విశాఖ ఉక్కు కర్మాగారం ఉదాహరణతో స్పష్టమవుతుంది. 2025 జనవరిలో కేంద్రం ఈ కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్‌కు 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఆమోదించిందన్న సంగతి పత్రికలు చదివే ప్రతివారికీ తెలుసు. కానీ అందులో 10,300 కోట్లు ఈక్విటీ (వాటా మూలధనం) పెట్టుబడిగా వస్తున్నాయనీ, మిగిలిన 1,140 కోట్లు కొత్తగా ఇచ్చే డబ్బు కాదనీ, రోజువారీ నిర్వహణ కోసం అప్పటికే ఉన్న మూలధన రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా, అంటే డివిడెండులో ముందు హక్కు ఉండే వాటాలుగా, మార్చడమనీ అధికారిక ప్రకటన చదివినవారికే తేటపడుతుంది. ఆర్థిక వ్యవస్థ మీద మెయిన్స్‌లో, అంటే వ్యాసరూప సమాధానాలు రాసే ప్రధాన పరీక్షలో, ప్రశ్న వచ్చినప్పుడు మొత్తం అంకెను మాత్రమే రాసిన అభ్యర్థికీ, ఆ మొత్తం ఏ రూపంలో అందుతున్నదో వివరించిన అభ్యర్థికీ మార్కులలో తేడా ఉంటుంది. మాసపత్రికలు స్థలాభావం వల్ల మొదట వదిలిపెట్టేది సరిగ్గా ఇటువంటి వివరాలనే.

తొలి దశ వడపోత పరీక్ష అయిన ప్రిలిమ్స్ విషయంలో ఈ ప్రయోజనం మరింత సూటిగా కనిపిస్తుంది. యూపీఎస్సీ జనరల్ స్టడీస్ పేపర్‌లో 100 ప్రశ్నలకు 200 మార్కులు ఉంటాయి. తప్పు సమాధానానికి ఆ ప్రశ్న మార్కులలో మూడో వంతు కోత పడుతుంది. రెండు మూడు వాక్యాలు ఇచ్చి ఏవి సరైనవో చెప్పమనే ప్రశ్నలలో పథకం పేరు, ఉద్దేశం తెలిసినంత మాత్రాన సరిపోదు. అది ఏ మంత్రిత్వ శాఖ పరిధిలోనిది, ఖర్చు పూర్తిగా కేంద్రానిదా లేక రాష్ట్రాలతో పంచుకునేదా అన్నదే చాలాసార్లు సమాధానాన్ని తేల్చుతుంది. 2023లో ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకాన్నే తీసుకుంటే, అది 13,000 కోట్ల వ్యయంతో పూర్తిగా కేంద్రమే భరించే పథకమనీ, 18 చేతివృత్తులకు వర్తిస్తుందనీ, 5 శాతం వడ్డీతో మొదటి విడతలో లక్ష, రెండో విడతలో 2 లక్షల రూపాయల రుణం ఇస్తారనీ మంత్రివర్గ ఆమోద ప్రకటనలోనే ఉంది. ఇంతకు మించి ఏ గైడూ కొత్తగా చెప్పేది లేదు. ప్రకటనలోని అంకెను ఎత్తిరాసేటప్పుడు ఒక సున్నా జారిపోయిన సంచికలు మాత్రం బజారులో దొరుకుతూనే ఉంటాయి.

తెలుగు పాఠం సంగతికి వస్తే ప్రశంస, ఫిర్యాదు రెండూ ఉన్నాయి. వెబ్‌సైట్‌లో భాషను, ప్రాంతాన్ని ఎంచుకునే వీలుంది. ప్రకటన చివర అదే విషయం ఏయే ఇతర భాషలలో ఉన్నదో లంకెలు కనిపిస్తాయి. సివిల్స్ ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలో మాత్రమే వస్తుంది. మెయిన్స్ మాత్రం తెలుగులో రాయవచ్చు. కాబట్టి తెలుగు మాధ్యమ అభ్యర్థి ఒకే విషయాన్ని రెండు భాషలలో సిద్ధం చేసుకోక తప్పని స్థితిలో ఉన్నాడు. ఆ రెండు పాఠాలనూ పక్కపక్కన తెరిచి చదువుకునే సౌకర్యం, అదీ అధికారిక పదజాలంతో, కోచింగ్ కేంద్రాల నోట్సులో సాధారణంగా ఉండదు. కేంద్ర బడ్జెట్, ఆర్థిక సర్వే ముఖ్యాంశాలను కూడా ఆ రోజుల్లో తెలుగులో చదువుకోవచ్చు.

అయితే ఇంగ్లీషులో వెలువడే ప్రతి ప్రకటనా తెలుగులోకి రాదు. మంత్రివర్గ నిర్ణయాలు, ప్రధానమంత్రి కార్యక్రమాలు వంటివి తెలుగులో ఎక్కువగా కనిపిస్తే, శాస్త్ర సాంకేతిక శాఖ, పర్యావరణ శాఖ వంటివి విడుదల చేసే చాలా ప్రకటనలకు ఇంగ్లీషు పాఠమే దిక్కు. వచ్చిన తెలుగైనా మాట్లాడే తెలుగు కాదు. ఒక్కొక్క వాక్యం పేరా పొడవునా సాగి, కర్త ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వస్తుంది. మెయిన్స్ సమాధానంలో ఆ శైలిని యథాతథంగా దించితే మూల్యాంకనం చేసేవారికి విసుగు తప్ప మరేమీ మిగలదు. అంకెలు, పేర్లు అక్కడి నుంచి తీసుకొని వాక్యం మాత్రం సొంతంగా రాసుకోవాలి.

చాలామంది గమనించకుండా దాటిపోయే నిధి ఒకటుంది. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజులలో లోక్‌సభ, రాజ్యసభ సభ్యుల ప్రశ్నలకు మంత్రులు ఇచ్చిన లిఖితపూర్వక సమాధానాలు ప్రకటనలుగా వెలువడతాయి. వాటికి జతచేసిన పట్టికలలో రాష్ట్రాల వారీ లెక్కలు ఉండటం మామూలు. ఏ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు ఎంత అందిందో చూపే ఆ అంకెలు గ్రూప్-1 మెయిన్స్ రాసేవారికి నేరుగా ఉపయోగపడతాయి. నా దృష్టిలో పీఐబీ మొత్తంలో అత్యంత విలువైనది ఈ భాగమే. శుభాకాంక్షలు, సంతాపాలు, ప్రారంభోత్సవ ప్రసంగాల పూర్తి పాఠాలు మాత్రం రోజువారీ జాబితాను అనవసరంగా పెంచుతాయి. మంత్రిత్వ శాఖ, తేదీల వారీగా వడపోసే సౌకర్యాన్ని మొదటి రోజు నుంచే వాడనివారు రెండు వారాలలో విసిగి మానేస్తారు.

ఇక లోపాల విషయం. పీఐబీ ప్రభుత్వ వాణి. ప్రభుత్వం చెప్పదలచుకున్నదే అందులో ఉంటుంది. విశాఖ ఉక్కులో వాటాల పూర్తి ఉపసంహరణకు 2021 జనవరిలో సూత్రప్రాయ ఆమోదం లభించిన తరువాత కార్మికులు సాగించిన ఆందోళన, సొంత ఇనుప ఖనిజ గనులు లేకపోవడం వల్ల కర్మాగారం మోస్తున్న భారం ఎంతటిదన్న చర్చ దినపత్రికలలో వెతుక్కోవలసినవే. న్యాయస్థానాల తీర్పులది మరీ పెద్ద లోటు. ఎస్సీల ఉపవర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1 ఆధిక్యంతో తీర్పు చెబుతూ, ఆంధ్రప్రదేశ్ ఉపవర్గీకరణ చట్టం చెల్లదన్న 2004 నాటి ఇ.వి.చిన్నయ్య తీర్పును పక్కన పెట్టింది. తెలుగు రాష్ట్రాల అభ్యర్థులకు ఇంతకంటే ముఖ్యమైన రాజ్యాంగ అంశం ఆ ఏడాదిలో మరొకటి లేదనే చెప్పాలి. దాన్ని పీఐబీ మీద ఆధారపడి చదవబూనడం వృథా ప్రయాస.

ఈ సంస్థే ఒకసారి కరెంట్ అఫైర్స్ అంశంగా మారిన సందర్భం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన సమాచారంలో ఏది అబద్ధమో నిర్ధారించే అధికారాన్ని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ విభాగానికి ఇస్తూ 2024 మార్చి 20న నోటిఫికేషన్ వెలువడగా, మరుసటి రోజే సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు దానికి ఆధారమైన ఐటీ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. భావ ప్రకటనా స్వేచ్ఛ మీద వ్యాసం రాసే అభ్యర్థికి ఇంతకు మించిన తాజా ఉదాహరణ దొరకడం కష్టం.

రాష్ట్ర స్థాయి విషయాలకు ఈ సేవ దాదాపుగా అక్కరకు రాదు. టీజీపీఎస్సీ, ఏపీపీఎస్సీ పరీక్షలు రాసేవారు తమ రాష్ట్ర బడ్జెట్ ప్రసంగం, బడ్జెట్ సమయంలో విడుదలయ్యే సామాజిక ఆర్థిక సర్వే, రాష్ట్ర సమాచార శాఖ ప్రకటనలు విడిగా చదువుకోవలసిందే. అందువల్ల సివిల్స్ అభ్యర్థికి పీఐబీని రోజువారీ చదువుగా, గ్రూప్-1 అభ్యర్థికి వారానికొకసారి చూసుకునే వనరుగా సూచిస్తాను. గ్రూప్-2 మాత్రమే లక్ష్యంగా పెట్టుకున్నవారికి ఒక మంచి దినపత్రిక, ఒక నమ్మకమైన మాసపత్రిక సరిపోతాయి. అంకె మీద అనుమానం వచ్చినప్పుడు మూలాన్ని తెరిచి చూసుకుంటే చాలు. ప్రిలిమ్స్‌కు కొద్ది నెలలే మిగిలి ఉన్నవారు పాత ప్రకటనలన్నిటినీ తవ్వే ప్రయత్నం మానుకుని, ఏటా డిసెంబరులో మంత్రిత్వ శాఖలు విడుదల చేసే సంవత్సరాంత సమీక్షలతో మొదలుపెట్టి, జనవరి నుంచి మంత్రివర్గ నిర్ణయాలను మాత్రం వరుసగా చదువుకుంటే ఉన్న సమయం సరిపోతుంది.