బోరు డబ్బాలో సిమ్ మాడ్యూల్‌కి ఎల్ఎం2596 బోర్డు, వాడినాక నా మాట

మా చిన్నాయన చీనీ తోటలో బోరు మోటార్‌ని ఫోన్‌తో ఆన్ చేసే డబ్బా కట్టినాం, లోపల సిమ్800ఎల్ (సిమ్ వేసుకుని ఫోన్ లాగా టవర్‌తో మాట్లాడే జీఎస్ఎం మాడ్యూల్), దానికి కరెంటు ఇచ్చేది ఈ నీలం రంగు ఎల్ఎం2596 బక్ కన్వర్టర్, అంటే ఎక్కువ వోల్టేజ్‌ని తక్కువకి దించే బోర్డు. అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర షాపులో వంద లోపే వచ్చింది.

3 ఆంప్స్ అని చెప్పి అమ్ముతారు. హీట్ సింక్ లేకుండా 3 ఆంప్స్ ఆపకుండా లాగితే చిప్పు మీద వేలు పెట్టలేం. అయితే జీఎస్ఎం మాడ్యూల్ అట్ల లాగదు, టవర్‌కి సిగ్నల్ పంపేటప్పుడు 577 మైక్రోసెకన్ల పాటు 2 ఆంప్స్ దాకా గుంజి వదిలేస్తుంది, 4.615 మిల్లీసెకన్లకోసారి మళ్లీ అదే వరస (పాత ఫోన్ స్పీకర్ పక్కన పెడితే డుర్ర్ డుర్ర్ అనేది ఇదే). ఎనిమిదిలో ఒక వంతు టైమే కాబట్టి సగటున పావు ఆంప్, అంతే. వేడి గొడవ లేదు. గొడవంతా ఆ గుంజినప్పుడు వోల్టేజ్ ఎంతకి పడుతుంది అన్న దాంట్లోనే ఉంది.

సిమ్800ఎల్‌కి 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్యలో ఉండల్ల. బోర్డు దగ్గర 4 వోల్టులు పెట్టినారనుకోండి, సన్న జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) అన్నీ కలిసి 0.2 ఓమ్‌లు ఉన్నా 2 ఆంప్స్‌కి 0.4 వోల్టు దారిలోనే పోయింది, ఇంక మిగిలింది 3.6, దానికి తోడు బోర్డు కూడా కాస్త తడబడితే మాడ్యూల్ రీసెట్. మల్టీమీటర్ చూస్తే మాత్రం దర్జాగా 4.0 చూపిస్తా ఉంటుంది, అది చూపించేది సగటు కదా. తోటలో సిగ్నల్ ఒక గీతే ఉంటే మాడ్యూల్ ఫుల్ పవర్‌తో పంపుతుంది, అందుకే ఇంట్లో టేబుల్ మీద బాగా పనిచేసింది పొలంలో మొరాయిస్తుంది.

అందుకే మాడ్యూల్ కాళ్ల పక్కనే 1000 మైక్రోఫారడ్ లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) కెపాసిటర్, దానికి తోడు 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి పెట్టి, వైర్లు లావుగా పొట్టిగా వేసినాం. కెపాసిటర్ ఉంటే చాలు చిన్న అడాప్టర్ అయినా లాగించేస్తుంది అంటారు కొందరు, లెక్క చూడండి, 2 ఆంప్స్ మొత్తం అదొక్కటే మోస్తే ఆ 577 మైక్రోసెకన్ల ఒక్క గుంజుడుకే 1.1 వోల్టు దాటి పడుతుంది. వెనక దమ్మున్న కన్వర్టర్ కావల్ల. 5 వోల్టుల నుంచి ఏఎంఎస్1117 (చిన్న వోల్టేజ్ రెగ్యులేటర్ చిప్పు) అసలు కుదరదు, దానికే 1.1 వోల్టు పోతుంది, పైగా 2 ఆంప్స్ దాని వల్ల కాదు.

నచ్చనివి చెప్తా. ట్రిమ్మర్ (బోర్డు ఇచ్చే వోల్టేజ్ మార్చే చిన్న స్క్రూ) ఎక్కడ తిప్పి పంపుతారో దేవుడికే తెలియల్ల, ముందు మీటర్ పెట్టి 4.0కి తెచ్చి, నెయిల్ పాలిష్ చుక్క వేసినాకే మాడ్యూల్ కలపండి, లేదంటే ఒక్క సెకన్‌లో మాడ్యూల్ పోతుంది. నకిలీ చిప్పులు కూడా తిరుగుతున్నాయి. షాపులోనే అడగండి, 2 ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్ పెట్టి 4 వోల్టులు నిలబడితే తీసుకోండి, అది సరిగ్గా 2 ఆంప్స్.

త్రీఫేజ్ రోజుకి 9 గంటలే కాబట్టి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ తగిలించినాం, ఛార్జింగ్‌లో 14 దాటినా ఈ బోర్డుకి లెక్కలేదు, చిప్పు 40 వోల్టుల దాకా తట్టుకుంటుంది. ఊరికే ఉన్నా ఒక 5 మిల్లీఆంప్స్ తింటుంది, పైగా ఎల్ఈడీ ఒకటి, దాన్ని పీకేసినాం. కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్) కాయిల్‌కి స్నబ్బర్, అంటే ఆఫ్ అయినప్పుడు ఎగిరే వోల్టేజ్‌ని అణిచేది, పెట్టకుంటే మోటార్ ఆగినప్పుడల్లా రీసెట్ అవ్వచ్చు, ఆ తప్పు ఈ బోర్డు మీద వేయకండి.

5కి 4 ఇస్తా. ఇంకోటి, జియో సిమ్ వేసి పనిచేయలేదు అని అడగొద్దు సామీ, సిమ్800ఎల్ 2జీ మాత్రమే, జియోకి 2జీ లేదు, మేం వేసింది ఎయిర్‌టెల్.