ఎనిమిదేళ్లుగా నా దగ్గరున్న సిటీ వీటెక్, అరవై రూపాయల టంకం

నా పాత హోండా సిటీ కారు ఎలా ఉందని ఎవరైనా అడిగితే నేను మైలేజీ చెప్పను, ఏసీ సంగతి అసలే చెప్పను. తెల్లవారుజామున ఐదున్నరకి తాడేపల్లిగూడెం దాటాక హైవే ఖాళీగా దొరుకుతుంది, అప్పుడు రెండో గేరులో పెట్టి కాలు నొక్కి చూడమంటాను. ఇంజిన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు, అంటే నాలుగు వేల ఆర్‌పీఎం దాకా అది సంతకెళ్లి కూరగాయలు తెచ్చుకునే కారే. ఐదు వేలు దాటుతుండగా గొంతు మారుతుంది. అంతసేపూ అరుగు మీద కూర్చుని ఏదో గొణుక్కుంటున్న పెద్దాయన ఉన్నట్టుండి లేచి పద్యం అందుకున్నట్టు ఉంటుంది. మీటరు మీది ఎర్ర గీత దాకా ఆ రాగం తగ్గదు. ఎనిమిదేళ్లు అయింది, ఇప్పటికీ ఆ క్షణంలో ఒక్కణ్నే నవ్వుకుంటాను.

కారు 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్. 2018లో విశాఖపట్నంలో ఒక రిటైర్డ్ ఉద్యోగి దగ్గర లక్షా ఇరవై వేలకి కొన్నాను. మాది నరసాపురం దగ్గర, రొయ్యల మేత వ్యాపారం. ఇంటికి తెచ్చిన రోజున మా బావగారు చుట్టూ తిరిగి చూసి, "నాలుగు తలుపులున్నాయి, డిక్కీ ఉంది, దీన్ని స్పోర్ట్స్ కారంటావేంటి బావా" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. కానీ జపాన్ వాళ్ల అసలు స్పోర్ట్స్ కార్లు మన దాకా ఎక్కడ వచ్చాయి? మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు చేసే మాజ్డా కంపెనీ మన దేశంలో కార్ల షోరూమే తెరవలేదు. నిస్సాన్ 370జెడ్ వచ్చింది గానీ అది మేత అమ్ముకునేవాళ్ల కోసం రాలేదు. మనకి దక్కింది ఇదే. వీటెక్ అనేది ఇంజిన్ వేగం పెరిగాక వాల్వుల్ని ఇంకా ఎక్కువ తెరిచే హోండా పద్ధతి, 1989లో వాళ్ల ఇంటెగ్రా కారుతో మొదలైంది. 1.6 లీటర్ల ఇంజిన్లోంచి టర్బో లేకుండా 160 గుర్రాల (హార్స్‌పవర్) బలం తీశారు. నా కారులో ఉన్నది ఆ వంశంలో చిన్నవాడు. వాల్వుల్ని తెరిచే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్ట్, ఒకటే, 106 గుర్రాలు. 2003లో సిటీ పేరుతోనే కొత్త ఒళ్లు వచ్చింది, అందులో 77 గుర్రాలే, మైలేజీ మాత్రం బంగారం. జనానికి కావాల్సింది అదే కాబట్టి అదే అమ్ముడుపోయింది. పాతవి నాలాంటి వాళ్ల పాలపడ్డాయి.

ఇక అసలు కథ. మొదటి వేసవి నుంచే ఒక జబ్బు మొదలైంది. మధ్యాహ్నం ఎండలో గంట నిలిపితే కారు స్టార్ట్ అయ్యేది కాదు. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అంటుకోదు. సాయంత్రం చల్లబడ్డాక ఏమీ ఎరగనట్టు ఒక్క తిప్పుకే లేస్తుంది. ఇలాంటి రోగంతో మెకానిక్ దగ్గరికి వెళ్లడమంత నామోషీ ఇంకోటి లేదు. మనం వెళ్లేసరికి బండి బాగానే ఉంటుంది కదా. అయినా ఒకాయన ప్లగ్గులు మార్చాడు, తర్వాత ప్లగ్ వైర్లు మార్చాడు, తర్వాత పెట్రోలు ఫిల్టరు. చివరికి ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపే పోయిందని తేల్చి, అదీ మార్చాడు. మొత్తం 11 వేల 400. ఆ వారం వానలు పడి చల్లగా ఉంది, కాబట్టి రోగం కుదిరిందనే అనుకున్నాం.

2019 మే నెల. మా అత్తయ్యగారికి అంతర్వేది నరసింహస్వామి మొక్కు ఒకటి బాకీ ఉంది. నరసాపురం నుంచి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లొచ్చు, లేదంటే మాధవాయిపాలెం రేవులో పంటు, అంటే బండ్లని దాటించే పడవ, ఎక్కి వశిష్ఠ గోదారి పాయ దాటితే సఖినేటిపల్లి. పంటు మీద గాలి బాగుంటుందని అత్తయ్యగారు ముచ్చటపడ్డారు. ఎక్కించేటప్పుడే ముందు బంపరు కింద అంచు రేకుకి గీసుకుని కర్రుమంది. ఆ చప్పుడు వినలేనివాళ్లు ఈ కారు జోలికి రాకపోవడమే మేలు. పంటు నిండేదాకా ఆగి, గోదారి దాటేసరికి అరగంట. ఇంజిన్ ఆపేసి ఉంది, అద్దాలు మూసి ఉన్నాయి, నడినెత్తిన సూర్యుడు. మేమంతా రెయిలింగ్ పట్టుకుని గాలికి నిలబడ్డాం. కారు మాత్రం లోపల ఉడికిపోయింది.

సఖినేటిపల్లి రేవు వచ్చింది. తాడు కట్టారు, పలక దించారు. కీ తిప్పాను. సెల్ఫ్ తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. నా వెనక రెండు ఆటోలు, కొబ్బరికాయల ట్రాలీ, ఓ ఇరవై మోటారు సైకిళ్లు. హారన్లు మొదలయ్యాయి. పంటు కుర్రాడు వచ్చి బానెట్ మీద చేత్తో కొట్టి, "తియ్యండి బాబూ, అవతల జనం ఎండలో మాడిపోతన్నారు" అన్నాడు. కారెక్కి కూర్చున్న అత్తయ్యగారు కళ్లు మూసుకుని స్వామిని తలుచుకుంటున్నారు. చివరికి ఎనిమిది మంది కలిసి గట్టు మీదికి నెట్టారు. నెట్టినవాళ్లలో ఒకాయన మాత్రం వెళ్లలేదు. లుంగీ కట్టుకుని ఉన్నాడు, యాభై ఏళ్లుంటాయి. కారు చుట్టూ ఓసారి తిరిగి, వెనక తలుపు తీసి, సీటు మీదికి వంగి చెవి పెట్టాడు.

"ఓసారి కీ ఆన్ చేయండి. స్టార్ట్ చేయొద్దండి, ఊరికే ఆన్."

ఆన్ చేశాను.

"పంపు కూయట్లేదండి."

కొత్త పంపేనండీ, మొన్ననే వేయించానని చెప్పాను. "ఆయ్, పంపు బాగానే ఉండుంటదండి. దానికి కరెంటెళ్లాలి కదండీ" అన్నాడు. పదకొండేళ్లు కువైట్‌లో గ్యారేజీలో పనిచేసి వచ్చాడట. పాత బండ్లకి ఎండల్లో ఇది మామూలేనని, అక్కడ రోజుకొకటి చూసేవాళ్లమని చెబుతూనే డ్యాష్‌బోర్డు కిందికి దూరాడు. లోపల్నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీశాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, చేత్తో ముట్టుకుంటే చుర్రుమంది. మెయిన్ రిలే అట. పెట్రోలు పంపుకి కరెంటు వదిలేది అదే. అది ఉండాల్సిన క్లిప్పులో లేదు, వైర్లకి వేలాడుతోంది. అంతకుముందెప్పుడో ఎవరో సెంట్రల్ లాకింగ్ బిగిస్తూ దాన్ని పీకి, తిరిగి పెట్టకుండా వదిలేశారు. ఆ తర్వాత ఎన్ని ఏళ్లు, ఎన్ని గతుకులు అలా ఊగిందో.

రేవు పక్కన చేపలమ్మే ఆవిడ దగ్గర ఐసుముక్క అడిగి తెచ్చి, పాలిథిన్ కవరులో వేసి, ఆ డబ్బీకి ఆనించి పట్టుకున్నాడు. ఐదు నిమిషాలు. ఈలోగా నేను పద్దెనిమిది సార్లు అడిగాను, పనిచేస్తుందా అని. తుడిచి మళ్లీ తగిలించి, "ఇప్పుడు వినండి" అన్నాడు. కీ ఆన్ చేశాను. టిక్‌మంది. వెనక సీటు కింద నుంచి సన్నగా 'ఊఁ' అని రెండు సెకన్లు మోగి ఆగింది. ఏడాదిన్నరగా రోజూ కారెక్కుతున్నాను, ఆ చప్పుడు ఒకటి ఉంటుందని నాకు తెలియదు. స్టార్ట్ కొట్టగానే లేచింది.

తర్వాత సెంటర్లో టీవీలు, మిక్సీలు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్లాడు. డబ్బీ విప్పి భూతద్దం కింద పెడితే, ఒక టంకం బొట్టు చుట్టూ వెంట్రుక కన్నా సన్నని నల్లటి గీత. గుండ్రంగా, ఉంగరంలా. వేడెక్కితే ఆ గీత విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. నా 11 వేల 400 పోయింది ఆ గీత వల్ల. కొట్టతను పాత టంకం పీల్చేసి కొత్తది పోశాడు, అరవై రూపాయలు తీసుకున్నాడు. కువైట్ ఆయన డబ్బులు ముట్టుకోలేదు. "ఇది వీటెక్ కదండీ, ఓసారి నేను నడపొచ్చా" అని మాత్రం అడిగాడు. అంతర్వేది రోడ్డు మీద ఖాళీ చూసి రెండో గేరులో ఐదు వేలు దాటించాడు. ఆయన మొహం చూడాలి. వెనక నుంచి అత్తయ్యగారు, "మళ్లీ పాడైపోయిందా ఏంటి బాబూ, అలా అరుస్తోంది" అన్నారు.

అరవై రూపాయలతో తీరిపోయిందని మూడేళ్లు అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. 2022 ఏప్రిల్లో పాలకొల్లులో పెళ్లికి వెళ్లొస్తూ అదే రోగం మళ్లీ వచ్చింది. ఈసారి పక్క బొట్టు. ఇరవై ఏళ్ల టంకానికి ఒకచోట అతుకేస్తే ఇంకోచోట విడుతుందని అప్పటికి తెలిసింది. కొత్త రిలే తెప్పించి, క్లిప్పు కూడా వెతికించి బిగించాక, ఇప్పటిదాకా ఆగలేదు. దిష్టి తగలకూడదు.

పైన పద్యం, రాగం అన్నాను కదా, దాన్ని కూడా కొంచెం సర్దాలి. ఒక దసరాకి ఎంత తొక్కినా గొంతు మారలేదు. గుండె జారిపోయింది. తీరా డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ అడుగున ఉంది. ఈ మార్పు జరిగేది ఆయిల్ ప్రెషర్ తోనే. ఆ ఒత్తిడికి ఒక పిన్ను జరిగి, వాల్వుల్ని నొక్కే రాకర్లని కలిపితేనే, వాటిని ఎక్కువ తెరిచే పెద్ద క్యామ్ పనిలోకి వస్తుంది. నా ఇంజిన్ ఈ వయసులో వెయ్యి కిలోమీటర్లకి పావు లీటరు పైనే తాగుతుంది. డిక్కీలో ఎప్పుడూ లీటరు డబ్బా ఉంటుంది. ఇంకో నిజం, ఆ పద్యం నేను వినేది నెలకి రెండుసార్లు. మిగతా రోజులన్నీ కాలవ గట్టు రోడ్ల మీద నలభైలో, సగం రోడ్డు ఆరబోసిన ధాన్యం, మిగతా సగం ఎదురొచ్చే ట్రాక్టరు. అక్కడ దీని సస్పెన్షన్ నడుముకి తెలుస్తుంది. ఊళ్లో లీటరుకి పదకొండు కిలోమీటర్లు ఇస్తుంది, అదీ మనసు బాగుంటే.

ఉప్పుగాలి సంగతి మర్చిపోకూడదు. వెనక చక్రాల పైన రేకు రెండుసార్లు కోయించి అతికించాను. ఏటా వానల ముందు అడుగున కోటింగ్ కొట్టిస్తాను. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు కాబట్టి భయమేసి పెట్రోలు రబ్బరు గొట్టాలన్నీ మార్పించేశాను. తలుపుల రబ్బర్లు మాత్రం దొరకలేదు, జోరువానలో కుడికాలు తడుస్తుంది.

కాగితాలు: 2022లో ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్లేసరికి, అంతకు రెండు నెలల కిందటే 600 ఉన్న ఫీజు 5 వేలు అయి కూర్చుంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి దాన్ని 10 వేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. నాకు మళ్లీ 2027లో వస్తుంది ఆ ఖర్చు. వింటేజ్ అని రాయించుకుందామంటే చట్టం ప్రకారం యాభై ఏళ్లు దాటాలి, అంటే నేను డెబ్బై దాటాక. మోడర్న్ క్లాసిక్ అన్నది మనం ముద్దుగా పిలుచుకునే పేరు, ఆర్టీవో ఆఫీసులో అది పాత కారే.

కొనమంటారా అని అడిగితే ఏం చెప్పాలో నాకూ సరిగ్గా తెలియదు. నాకు ఇంట్లో డీజిలు బండి ఇంకోటి ఉంది, పిల్లల స్కూలుకీ ఆస్పత్రికీ అదే. నీడకి షెడ్డు ఉంది. నాలుగు రోజులు కారు మూలన పడి ఉన్నా వ్యాపారం ఆగదు. ఇవేవీ లేకుండా ఒక్క కారుతోనే బతకాలనుకుంటే వద్దనే అంటాను. ఉంటే మాత్రం వెతకండి. అమ్మేవాళ్లు పొద్దున్నే రమ్మంటారు, చల్లగా ఉంటుందని. మీరు మే నెలలో పన్నెండింటికి వెళ్లండి. అద్దాలు మూసి గంటసేపు ఎండలో పెట్టించండి, ఆ గంటలో ఆయిల్ చూసుకోండి. తర్వాత కీ ఆన్ చేసి, స్టార్ట్ కొట్టకుండా, వెనక సీటు మీదికి వంగి చెవి పెట్టండి.